అడిగితేనే కుండ

కుమ్మరి ఓబులేసు అని ఒకడు ఉండె. వానికొక అన్న, నరసన్న. ఇద్దరిదీ ఒకే సారె, ఒకే మన్ను, బుద్ధులు మాత్రం ఒకటి తూర్పు, ఒకటి పడమర. నరసన్న ఎట్లాంటోడంటే, ఎవరూ అడగకముందే అన్నీ చేసి పెట్టేవాడంట. చట్లు, ముంతలు, బానలు, ఇల్లంతా కుండలే. పండుకోవాలంటే కుండలు జరిపి పండుకోవాల. అందులో సగం ఎవరూ కొనకనే పిల్లులు దూకి పగిలిపోయేవి. ఓబులేసు ఏమో, అడిగితే గానీ సారె తిప్పడు. ఎవరన్నా వచ్చి అబ్బీ, నాకొక బాన కావాల అంటే, అట్లే అని ఒక తాడుముక్కకు ముడేసి చేతిలో పెట్టేవాడంట. ఇదే నీ బాన అనుకో, నిజంగా అక్కర పడిన పొద్దు ముడి తీసుకొని రా, అప్పుడు చేస్తా అని. సోమరి అనుకునేవు పాపా, సోమరి కాదు. అక్కర లేని పని చేయడు, అంతే. ముడి తీసుకొని పోయినోళ్ళలో సగం మంది మళ్ళా వచ్చేదే లేదు కదా.

నువ్వు పొద్దున చెప్తివే, మీ కంప్యూటర్లకు పని చెప్పే భాషల్లో రెండు రకాలుంటాయని, ఒకటేమో చెప్పిన లెక్కంతా అప్పుడే కట్టి పెట్టేస్తాదని, ఇంకొకటి జవాబు కావాలని అడిగేదాకా లెక్కను తాకనే తాకదని. అవి రెండూ ఈ అన్నదమ్ములే, వేరే ఎవరూ కాదు. నవ్వు, నవ్వు. ముందు విను.

ఏమైందంటే, ఒకసారి పాలెగాడు అన్నదమ్ములిద్దరినీ పిలిపించి, ఒకదాన్ని మించి ఒకటి పెద్దదవుతా పోయే కుండలు నాకు కావాల, ఎన్నో చెప్పను, నేను చాలన్నప్పుడు చాలు అన్నాడంట. నరసన్న ఆ పొద్దే సారెక్కినాడు. చేస్తానే ఉండాడు, చేస్తానే ఉండాడు. మొత్తం అయినాక బండికెత్తుదామని వాని లెక్క. అంతుంటే కదా అయ్యేది! నెల తిరిగినా ఒక్క కుండ కోటకు పోలేదు. ఓబులేసు ఒకటి చేసి ఇచ్చినాడు, ఇంకా అన్నాడు పాలెగాడు. రెండోది ఇచ్చినాడు, ఇంకా అన్నాడు. మూడోది చూసి చాల్లే పో అన్నాడంట. మూడు కుండలతో పని ముగిసె. అప్పట్నించి ఊరంతా ఓబులేసు పద్ధతే పట్టుకున్నారు. కమ్మరి ముడే, కట్టెలు కొట్టేవాడు ముడే, బొగ్గులు కాల్చేవాడు ముడే. నరసన్న కూడా ఉండే కుండలన్నీ అమ్మేసి, సిగ్గుపడుకుంటా తాడు కొనుక్కున్నాడంట.

ఇట్లుండగా ఓబులేసుకు పెళ్ళి కుదిరె. పిల్ల పేరు నాగులమ్మ. మన్ను తవ్వేకాడ చూసినప్పట్నించి ఆ పిల్ల మీద పాణం పెట్టుకోనుండాడు వాడు. రేపు లగ్గమనంగా ఆడపెండ్లివాళ్ళు బండ్లు కట్టుకొని దిగినారు. దిగీ దిగకనే నాగులమ్మ నాయన, అరివేణి కుండలు యాడప్పా అన్నాడంట. సున్నం పూసి, బొమ్మలేసి పెండ్లి పందిట్లో నిలబెడతారు చూడు, ఆ కుండలు. కుమ్మరోళ్ళ పెండ్లికి అవి లేకుంటే ఊరు నవ్వదా? ఓబులేసు చేసుంటే కదా! ఊరందరూ అడుగుతారని కాచుకోనుండాడు గానీ, తన పెండ్లికి తననే ఎవరడగాల? మన్ను ఉంది, సారె ఉంది, కాల్చేదానికి కట్టె లేదు. మామ ముఖం ముడుచుకొని, రేపు లగ్గానికి కుండలు లేకుంటే బండి తిప్పుకొని పోతా, నా చెల్లెలి కొడుకు ఉండనే ఉండాడు అనేసినాడు.

పరిగెత్తినాడు ఓబులేసు. కట్టెలాయన తాను ముందిచ్చిన ముడి చూసి, ఇస్తాలే గానీ నా గొడ్డలి మొండిబారింది, కమ్మరిని అడుగు అన్నాడు. కమ్మరి దగ్గరికి పోతే, సాన పెడతాలే గానీ కొలిమికి బొగ్గుల్లేవు, బొగ్గులాయన్ని అడుగు అన్నాడు. బొగ్గులాయన దగ్గరికి పోతే, ఇస్తాలే గానీ బొగ్గులార్పే నీళ్ళకు కుండ లేదు, ఇదో కుండకు నా దగ్గర ముడుంది అని తీసి చూపించినాడంట. ఎవరి ముడి? ఓబులేసు ముడే! అందరూ ఇస్తామన్నోళ్ళే, ఒక్కరూ అబద్ధం చెప్పలేదు, ఒక్కటీ పుట్టలేదు. తిరిగి తిరిగి తన కాడికే వచ్చి నిలబడినాడు పాపం. ఇంటికొచ్చి సారె పక్కన కూలబడి, మగోడు, కండ్ల నీళ్ళు పెట్టుకున్నాడంట.

నాగులమ్మ చూసె. పెండ్లికూతురు బయటికి రాగూడదని ఆడోళ్ళంటా ఉంటే వినకుండా వచ్చి, నాయనా, అరివేణి కుండలో నీళ్ళు పోస్తామా అని అడిగె. లేదమ్మా అన్నాడు. కూడు వండుతామా? లేదమ్మా. మరి కాల్చేదెందుకు? కుండ మాదిరి నిలబడితే చాలు కదా, రేపటికి కావాల్సింది అంతవరకే కదా అనె. ఆయనా కుమ్మరే కదా, ఆలోచించినాడు. కాల్చాలని పెద్దలెవరూ చెప్పినట్టు ఆయనకు గుర్తు రాలే. సరే కానీ అన్నాడు. పసుపు బట్టలతోనే ఓబులేసు సారె తిప్పినాడు. నరసన్న మన్ను పిసికి అందించినాడు. మాపటేలకు ఎండకు ఆరినాయి, సున్నం పూసినారు. మర్నాడు ఆ పచ్చి కుండల ముందరే తాళి కట్టినాడంట.

మరి మిగతా ముడుల సంగతో? తెల్లారి నాగులమ్మ పుట్టింటి ఇత్తడి బింద తీసుకొని, ఎవరూ అడగకనే పోయి బొగ్గులాయన గడపలో పెట్టి వచ్చిందంట. బొగ్గులొచ్చె, గొడ్డలి పదునెక్కె, కట్టెలొచ్చె, కుండలు కాల్చే ఆవం రగిలె. ముందే చేసి పెట్టేది మంచిదా, అడిగినప్పుడు చేసేది మంచిదా అని నన్నడుగుతావు. నాకేం తెలుసు పాపా, నేను చదువుకున్నదాన్నా. ఇంట్లో నాగులమ్మ అసుమంటిది ఒకతి ఉంటే ఎట్ల చేసినా జరుగుబాటైతాది. లేకుంటే అన్న ఇంట్లో పిల్లులకు, తమ్ముని ఇంట్లో తాళ్ళకు కరువుండదు.