గేటు దాటిన ఉలి

1931 జూన్ ఎనిమిదో తేదీన, మెదక్ మిషన్ బడిలో వడ్రంగం నేర్పి పేరు గడించిన శ్రీ జ్ఞానశేఖర్ గారు, ఖైదీలకు చేతిపని నేర్పడానికి మన జైళ్ల శాఖ నాంపల్లిలో తెరిచిన కార్ఖానాలో ఉపాధ్యాయులుగా చేరారు. అప్పటికి అక్కడ ఉన్నవి రెండు బల్లలు, ఒక మొండి రంపం, రోజూ పహరా మధ్య జైలు నుంచి వచ్చే తొమ్మిదిమంది ఖైదీలు. ఇక దొంగల చేతికి ఉలి ఇస్తారా అని ముక్కున వేలేసుకునే పెద్దలకైతే కొదవే లేదు.

సర్కారు గ్రాంటు ఏ ఏటికాయేడు మంజూరు కావలసిందే. దానికోసం అర్జీలు పట్టుకుని కచేరీల చుట్టూ చెప్పులరిగేలా తిరిగిన శ్రమ జ్ఞానశేఖర్ గారిది. 1936 నాటికి ఖైదీలు నలభైమందయ్యారు, వారు చేసిన కుర్చీలు అబిడ్స్ దుకాణాలకెక్కాయి. వాటిని ఎవరు చేశారో చెబితే కూర్చున్నవారు లేచి నిలబడతారేమోనని జ్ఞానశేఖర్ గారు నవ్వేవారు.

కార్ఖానాలో ఒక కఠిన నియమం ఉండేది. సాయంత్రం ప్రతి పనిముట్టూ గోడమీది తన కొక్కేనికి చేరాలి. ఒక్కటి తగ్గినా ఎవరూ కదలరాదు. పనిముట్టును ఎవరు గేటు దాటించినా నేరమే.

1937లో, మరుసటి ఏటి గ్రాంటు ఉండాలో ఊడాలో తేల్చడానికి తనిఖీ అధికారి వచ్చారు. ఆయన కళ్లెదుటే సాయంత్రం ఒక కొక్కెం ఖాళీగా కనిపించింది. అది మల్లయ్య వాడే ఉలిది. మల్లయ్య విడుదలకు మూడు నెలలే ఉంది. పహరా జవాను రామచందర్ అతని మెడపట్టి గోడకు అదిమాడు.

"యాడ దాచినవ్ రా?"

"నేను తియ్యలే సారూ! పొద్దుగాల్లకెల్లి ఆ ఉలి నాకు కండ్లవడలే!"

ఆ మాటతో జ్ఞానశేఖర్ గారికి సంగతి తట్టింది. అధికారి ముందు పనిముట్లు తళతళలాడాలన్న ఆశతో ముందురోజు పనిముట్ల లెక్క అయ్యాక మూడు ఉలులను ఇంటికి తీసుకుపోయి, తమ సానరాయి మీద పదును పెట్టింది తామే. కార్ఖానా రాయి వారి చేతికి ఎన్నడూ నచ్చలేదు. పొద్దున రెండింటినే కొక్కేలకు తగిలించారు. తలుపు పక్క వేలాడే కోటు జేబులో చేయిపెడితే, గుడ్డలో చుట్టిన మూడోది తగిలింది.

ఊరుకుంటే ఎవరికీ తెలియదు. నోరు విప్పితే ఉద్యోగం పోతుంది, బహుశా గ్రాంటూ పోతుంది. భార్య సుగుణమణి గారు, ముగ్గురు పిల్లలు కళ్లముందు మెదిలారు. చేయి జేబులోంచి రానని కాసేపు మొరాయించిందని వారే తరువాత ఒప్పుకున్నారు.

"ఆన్ని ఇడువు రామచందర్. ఉలి గేటు దాటించింది నేను."

"ఇది నేరమని తెల్వదా మీకు?" అన్నారు అధికారి.

"తెలుసు సాబ్. నన్ను నౌకరికెల్లి తీసెయ్యున్రి. కార్ఖానా మాత్రం ముయ్యకున్రి. తప్పు నాది, ఆళ్లది గాదు."

అధికారి జరిగినదంతా తన పుస్తకంలో రాసుకుని వెళ్లిపోయారు. పదకొండు రోజులు కార్ఖానా అంతా సర్కారు నిర్ణయం కోసం ఎదురుచూసింది. చివరకు ఉత్తర్వులు వచ్చాయి: జ్ఞానశేఖర్ గారికి ఆరు నెలలు జీతం లేకుండా సస్పెన్షన్. ఖైదీలలో లోపమేమీ కనబడలేదు కనుక గ్రాంటు యథాతథం. మల్లయ్య అనుకున్న రోజుకే విడుదలయ్యాడు. అబిడ్స్ వెనుక సందులో సొంత దుకాణం నడుపుకుంటున్న అతడు, ఈ వీడ్కోలు సభలో ముందు వరుసలోనే ఉన్నాడు.

సస్పెన్షన్ ముగిసి తిరిగివచ్చిన నాటినుంచి జ్ఞానశేఖర్ గారు, సాయంత్రం ఖైదీల జేబుల తనిఖీ కాగానే, తామూ రామచందర్ ముందు చేతులెత్తి నిలబడేవారు. ఎవరూ అడగలేదు. ఎనిమిదేళ్లకు పైగా ఒక్క సాయంత్రమూ మానలేదు. నిన్న, ఆఖరి సాయంత్రం, రామచందర్ బతిమాలాడు.

"ఇయ్యాల గూడనా సారూ? జర ఇడువున్రి."

"ఇయ్యాలేం తక్కువ? సూడు."

అతడు జేబులు తడుముతూ ఏడ్చాడు.

ఈ 1946 జూన్‌లో పదవీ విరమణ చేస్తున్న వారికి మనమందరం ఇస్తున్న కానుక ఆ ఉలే. గేటు దాటించడానికి సంతకం చేసిన అనుమతిపత్రం కూడా జతచేశాము. ఉలిని అదే కోటు జేబులో పెట్టుకుని, ఈ ఒక్కసారి చేతులెత్తకుండా గేటు దాటి, సుగుణమణి గారితో, పిల్లాపాపలతో, చేతి పట్టు సడలని నిండు ఆరోగ్యంతో జ్ఞానశేఖర్ గారు నూరేళ్లూ వర్ధిల్లాలని మనసారా కోరుకుంటున్నాము.