తొమ్మిదేళ్ల పెట్రోలు

షెడ్డులో తొమ్మిదేళ్లుగా కదలని పాత కారు పెట్రోలు ట్యాంకు మూత తీసి, మెకానిక్ ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఇంటావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఇది పెట్రోలు కాదమ్మా, వార్నిష్. దీనిమీదే కొత్తది పోశారా?"

"నిన్న నేనే పోశాను నాయనా, రెండు లీటర్లు. కొత్తది కలిస్తే పాతది కూడా పనికొస్తుందనుకుని, కొత్త బ్యాటరీ పెట్టించి తాళం తిప్పా."

"పాతది తీసేయకుండా తాళం ఎందుకు తిప్పారు?"

"తీస్తుంటే ఎక్కడ నిప్పంటుకుంటుందోనని భయం."

"ఆ జిగురంతా ఇంజన్లోకెక్కి వాల్వులు పట్టేశాయి. ఇందాక పైమూత విప్పి చూశాను, వాటిని కదిపే కడ్డీలు వంగిపోయాయి. వీటికిప్పుడు సామాను కూడా దొరకదు. నెలకోసారైనా స్టార్ట్ చేసుంటే ఇంతదాకా వచ్చేది కాదు."

"మావాడు చేస్తాననే అన్నాడు. వాళ్ల నాన్న కారంటే వాడికి ప్రాణం. ఎక్కడ గుద్దేస్తాడోనని తాళాలు నేనే దాచేశాను."

"మీ భయం బంగారం కానూ! బాబుని పిలవండి, నేను చెప్తాను."

"మేడ మీద గదిలో ఉన్నాడు. ఆర్నెల్లుగా బయటికి రాడు, పలకడు. మొన్న మాత్రం నోరు తెరిచి, నాన్న కారు స్టార్టవుతుందా అని అడిగాడు. అవుతుందన్నాను. ఆ చప్పుడు వినాలని ఇవాళ కిటికీ తెరుచుకుని కూర్చున్నాడు."

"మరి నన్నేం చెయ్యమంటారమ్మా?"

"ఇంకాసేపు ఆ పానాలు టకటకలాడిస్తూ ఉండు నాయనా. చప్పుడు ఆగితే మళ్లీ కిటికీ మూసేసుకుంటాడు."