ఇకమీదట ఆ పేరు పిలవకండి

పెద్దలకు, తండా తల్లులకు, ఖమ్మం నుంచి శ్రమపడి వచ్చిన ఆఫీసరు గారికి, మూటలు పంపే కంపెనీ సారుకు దండాలు. నేను ప్రమీలను. పోయినామె మా ఆయనకు పెద్దమ్మ, నాకు పెద్దత్త. నలుగురిలో మాట్లాడటం నాకు అలవాటు లేదు. తడబడితే మన్నించండి. ఆమె పేరు మాత్రం నేను పలకను. ఇంకా దినాలు కాలేదు. దినాలు కాకముందు పోయినవాళ్లను మా ఇంట్లో పేరుపెట్టి పిలవరు. పిలిస్తే వస్తారని భయం.

ఆమె సంగతి మీకు తెలియనిదా? ఎవరు పిలిచినా పోయేది. వాగవతలి గూడెంలో జంపక్కకు నొప్పులని కబురొస్తే, ఒంట్లో జ్వరంతోనే వానలో వాగు దాటింది. ఎందుకు పోయావత్తా అని నేను కోప్పడితే, "పిలిసినంక పోకుంటే ఎట్ల బిడ్డా?" అన్నది.

ఆమె కుట్టిన అద్దాల గుడ్డలను కంప్యూటర్‌లో చూసి పరాయి దేశాలవాళ్లు కొంటామన్నారు. మొదటి మూట రేవు దాకా పోయి తిరిగొచ్చింది. గుడ్డ నూరేళ్ల నాటిదిలా ఉంది, పాతకాలపు వస్తువు దేశం దాటకూడదు అన్నారట. ఆమె నవ్వింది. "నన్ను ముసలిదంటే ఊకున్న. మొన్న కుట్టిన గుడ్డను గూడ అంటరా?" పరాయి దేశాలకు సరుకు పోనిచ్చే ఆఫీసును అడిగితే కంపెనీని అడగమన్నారు. కంపెనీ ఆఫీసునే చూపించింది. చివరికి ఖమ్మంలో అందరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టారు. అక్కడ ఆమె అన్న మాట సార్లకు గుర్తుందా? "మీరు మాట్లాడుకోక నా మూట తిరుగుతాంది. మీరు మాట్లాడుకుంటే అది ఆడ్నే దిగుతది."

మాట్లాడుకున్నారు. ఆమె పేరు, ఫోటో నమోదు చేశారు. ఆ పేరున్న మూటను దారిలో ఆపకుండా పంపేటట్టు ఒప్పుకున్నారు. తండా గుడ్డలన్నీ ఆ పేరు మీదే పోయాయి. ఆ మేలు మేము మరువం.

ఆర్డరు రాగానే కంప్యూటర్ కేంద్రం నడిపే కోటేష్ మైకులో ఆమెను పేరుపెట్టి పిలిచేవాడు. ఏ చేనులో ఉన్నా "వస్తున్న" అని పలికేది.

ఆమె పోయాక ఒక పొద్దున మళ్లీ ఆర్డరు వచ్చింది. కోటేష్ అలవాటుగా పిలిచాడు. తాళం వేసిన ఆమె ఇంట్లో అద్దాలు గలగలమన్నాయి. బయట గాలి లేదు. వాకిట్లో కోళ్లు మెడలెత్తి నిలబడ్డాయి. తాళం తీశాం. ఆమె సగంలో వదిలిన గుడ్డ గోడకు ఊగుతోంది. సూదికి దారం ఎక్కించి ఉంది. ఆమెకు చూపు ఆనక, ఎన్నో ఏళ్లుగా దారం ఎక్కించి ఇచ్చేది నేనే. ఆ దారం నేను ఎక్కించలేదు.

కోటేష్ మైకు కట్టేశాడు. అయినా ఆగిందా? ఎక్కడో సముద్రం అవతల ఎవరో గుడ్డ కోసం కంప్యూటర్‌లో ఆ పేరు నొక్కుతారు. ఇక్కడ అద్దాలు కదులుతాయి.

పేరు మారిస్తే తనిఖీలన్నీ మళ్లీ మొదటికి వస్తాయట. ఆర్డర్లు ఆగుతాయట. తండా పెద్ద రూప్లా మామ కూడా "ఉండనీయ్, సచ్చినామెకు ఏమైతది?" అన్నాడు. ఏమవుతుందో, నిన్న పొద్దున ఆ అద్దాల చప్పుడు నువ్వు వినలేదా మామా?

సార్లూ, మూట కోసం ఒక బల్ల దగ్గర కూర్చున్నారు. మనిషి కోసం కూర్చోలేరా? ఆ పేరు తీసేయండి. నా పేరు రాయండి. నా కుట్టు ఇంకా వంకరే. మూటలు కొన్నాళ్లు ఆగితే ఆగనీయండి. ఇక పిలుపు నాకు రానీయండి. నేను పలుకుతాను.

ఇప్పుడు అందరూ లేచి నిలబడండి. కాసేపు మాటలు ఆపండి. ఆమెను తలుచుకోండి గానీ, మనసులో కూడా పేరుపెట్టి పిలవకండి. ఆమెకు వినబడుతుంది.