మళ్లీ తలుపు తట్టు

కాగితం రాసుకొచ్చావా? భేష్. నాకు నాలుగు అక్షరాలు కూడబలుక్కోవడమే గగనమని తెలిసి మరీ పట్టుకొచ్చావు చూడు, అదీ తెలివంటే! ఊఁ, చదువు. నిలబడే చదువు. కుర్చీ నేను చెప్పినప్పుడు.

ఆగు, ఆగు. ఏమన్నావు? "ఈ సంఘటన నుంచి నేను నేర్చుకున్నది" అనా? ఏం సంఘటనే? మా ఆయన ఔసేప్పు చచ్చిపోవడమా? ఆయన చచ్చింది నీకు పాఠం చెప్పడానికా, జెస్నా?

మడిచి సంచీలో పెట్టుకో. చావు కబురు చెప్పి ఈ ముసలిదాన్ని ఒంటరిగా వదిలేశావని నిన్ను వార్డులోంచి తీసేశారు. జరిగిందంతా తల్చుకుని రాయమంది మీకు పాఠాలు చెప్పిన సిస్టర్ క్లెమెన్షియా. అది నాకు వినిపించి, నా చేత సరే అనిపించుకుంటే గానీ మళ్లీ నర్సు పనిలోకి రానివ్వనంది. అంతేగా? అయితే నీ ఉద్యోగం ఈ రాహేలు నాలిక మీదుందన్నమాట. వినడానికి ఎంత హాయిగా ఉందో!

ఏడవకు. ఏడుపు సంగతి నాకు చెప్పొద్దు. మా చర్చిలో ఏ శవం దగ్గరైనా నా అంత బాగా ఏడ్చేవాళ్లు లేరనే కదా, మీ కాలేజీ వాళ్లు ఈ గుమ్మంలోకొచ్చి బతిమాలి తీసుకెళ్లింది? రోగి పెళ్లాంలా కూర్చోమన్నారు. మీరొకరి తర్వాత ఒకరు తలుపు తట్టి వచ్చి, "అమ్మచ్చీ, మీ ఆయన పోయారు" అని చెప్పాలి. చెడ్డ కబురు చెప్పడం కూడా నేర్చుకోవాలిట! నేను గుండెలు బాదుకోవాలి. ఆ తర్వాత ఎవరెలా చెప్పారో తేల్చాలి. ఇంటికొచ్చేసరికి ఆయన వాకిట్లో బీడీ కాలుస్తూ, "ఏమే, ఇవాళ నన్నెన్నిసార్లు చంపారు?" అని పొట్ట పట్టుకుని నవ్వేవాడు.

నిన్ను ఫెయిలు చేశాను, గుర్తుందా? గుర్తుండకేం. నోరు విప్పకముందే నీ కళ్లల్లో నీళ్లు. "ముందు నువ్వే కూలబడితే నన్నెవరు పట్టుకుంటారే, మొద్దూ" అన్నాను. అందరూ కిసుక్కుమన్నారు. ఆ కసి మనసులో పెట్టుకున్నావా? లేదా? నేనైతే పెట్టుకునేదాన్ని.

సరే, ఆ రోజుకి రా. గుండెనొప్పని ఆయన్ని మీ వార్డులోనే పడుకోబెట్టాం. పొద్దున గంజి తాగాడు. ఉప్పు లేదని నన్ను తిట్టాడు కూడా. ఏదో పరీక్ష చెయ్యాలని నన్ను పక్క గదిలో కూర్చోబెట్టారు. నువ్వొచ్చావు. తలుపు తట్టావు. కుర్చీ లాక్కుని మోకాలికి మోకాలు తగిలేలా కూర్చున్నావు. కళ్లు పొడిగా ఉన్నాయి. "అమ్మచ్చీ, ఒక బాధ పెట్టే మాట చెప్పాలి" అన్నావు.

నేనేమనుకోవాలే? పరీక్షలొస్తే చాలు, మీ కాలేజీ పిల్లలు వరండాలోనే నన్నాపి, "ఒక్కసారి చెప్తాం, వినిపెట్టండి" అని వెంటపడేవాళ్లు కాదూ? సరే, చెప్పావు. నేనేమన్నాను? అను, నీ నోటితో అను.

"గొంతు చివర్లో జారింది. మళ్లీ చెప్పు." అదీ నేనన్నది.

చెప్పావు! ఓరి దేవుడా, చెప్పమంటే మళ్లీ చెప్పావు! తొణక్కుండా, బెణక్కుండా. నీ బుగ్గ తట్టి, "ఇప్పుడు కుదిరింది" అని క్యాంటీన్‌లోకి దిగిపోయాను. టీ తాగాను. పళంపొరి తిన్నాను, బజ్జీ లోపల అరటిపండు కమ్మగా మగ్గి ఉంది. ఆయనకీ పొట్లం కట్టించుకుని పైకొచ్చేసరికి, మంచం మీద ముఖం కప్పేసి ఉంది.

ఎందుకు పట్టుకోలేదే నన్ను? రెక్క పుచ్చుకుని, "ముసలిదానా, ఇది ఆట కాదు" అని ఒక్క కేక వెయ్యలేకపోయావా?

ఏంటీ? కబురు విన్న మనిషిని తొందరపెట్టకూడదని, వాళ్లెలా తీసుకుంటే అలా తీసుకోనివ్వాలని నేర్పారా? ఎవరే నేర్పింది?

...నేనా? నోర్ముయ్.

ఇప్పుడు మా ఆడపడుచు ఏలికుట్టి ఊరంతా చాటుతోంది, మొగుడి ఒళ్లు చల్లబడకముందే రాహేలు పళంపొరి తిన్నదని. శవం దగ్గర నాకు ఒక్క చుక్క రాలేదు. నాకు! ఉన్నదంతా మీ కాలేజీలోనే ఏడ్చేశాను మరి.

బయటికెళ్లు. తలుపు తట్టి రా. ఆ కాగితంలోది కాదు, ఆ రోజు చెప్పిందే చెప్పు.

ఊఁ... కూర్చో. చెప్పు.

...బాగా చెప్పావు. వేలు పెట్టి చూపడానికేం లేదు. క్లెమెన్షియా కూడా ఇలా చెప్పలేదు.

అయినా సరే అనను. నేను సరే అంటే నువ్వు నీ వార్డుకి పోతావు, ఆయన నిజంగానే పోయినట్టవుతుంది. నువ్వు తలుపవతల నిలబడ్డంతసేపూ ఆయన గంజిలో ఉప్పు లేదని నన్ను తిడుతూనే ఉంటాడే, పిల్లా.

గొంతు జారింది. జారలేదా? నేను జారిందంటే జారినట్టే. పో బయటికి. మళ్లీ తట్టు.

తొందరపడకు. కాసేపు అక్కడే నిలబడి తట్టు.