దోమకు ఛాతీ కొలత

"దీవికి వెళ్లడానికి ఇంత హడావుడా? నేను వెళ్లినప్పుడు ఒక కత్తెర, రెండు చొక్కాలు, అంతే!" అన్నాడు కటింగ్ మేస్త్రి, మెడలో టేపు సవరించుకుంటూ.

టీకొట్టు బెంచీ మీద మేనకోడలు సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. సాయంత్రం పడవకి ప్రయాణం. దీవిలో హోటల్లో కుట్టుపని, ఆరు నెలలు. అతిథుల మంచాలన్నిటికీ దోమతెరలు ఆమే కుట్టాలి. కుట్టేవాళ్లు పడుకునే గదుల కిటికీలకి మాత్రం రెక్కలు కూడా ఉండవని మేస్త్రికి తెలుసు. ఈ అన్యాయానికి ఎవరి కాలరు పట్టుకోవాలో తెలియక పొద్దుటి నుంచి కోతలు కోస్తున్నాడు.

"నీళ్లెలా తాగేవాడివి మామయ్యా?"

"కాచి. మొదట చెంబుడు కాచుకున్నా. పక్కవాళ్లు అడిగితే బిందెడు కాచా. వీధంతా వచ్చింది. ఆ తర్వాత ఏం చేశానో తెలుసా? బావి కిందే పొయ్యి పెట్టేశా! దీవిలో ఒక్కడికి కడుపునొప్పి వస్తే ఒట్టు."

"బావి కింద పొయ్యి ఎలా వెలిగించావయ్యా?" అన్నాడు ఎదురుగా టీ తాగుతున్న ఇస్త్రీ కొట్టు పెద్దాయన.

"వంగి. ఇక ఎండంటావా, తడి పంట్లాం తీగ మీద వేస్తే మడత నలగకుండా ఇస్త్రీ అయి దిగేది. నీకక్కడ పనే దొరకదు. నా నీడ కూడా నాతో వచ్చేది కాదు, చెట్టు కిందే పడుకుని నన్ను వెళ్లిరమ్మనేది. కాబట్టి మిట్టమధ్యాహ్నం బయట తిరక్కమ్మా."

"మరి దోమలో?"

"దోమలా! ఒకటి భుజం మీద వాలితే చిలకనుకున్నా. టేపు తీసి కొలిచా. ఛాతీ ముప్పై నాలుగు, చెయ్యి పద్దెనిమిది. అది నన్ను కుట్టేలోపు నేనే దానికి చొక్కా కుట్టేశా! బొత్తాలు వెనక పెట్టా, విప్పుకోలేక ఏడ్చింది. మర్నాడు దాని చుట్టాలంతా కొలతలకి వరస కట్టారు. ఎంతమందికని కుడతాను? దీవి మొత్తానికి ఒకటే దోమతెర కుట్టి, నాలుగు మూలలూ నాలుగు ఓడలకి కట్టేశా. ఒక్క మాత్ర మింగలేదు తెలుసా!"

పొద్దుటి నుంచి మొదటిసారి ఆ పిల్ల నవ్వింది. మేస్త్రి ఛాతీ రెండంగుళాలు పెరిగింది. అంతలో ఆమె సంచిలోంచి మాత్రల అట్ట తీసి బెంచీ మీద పెట్టేసింది.

"అయితే నాకూ వద్దు మామయ్యా. జ్వరం రాకుండా ముందే మొదలుపెట్టమన్నాడు డాక్టరు. ఒకటి మింగితేనే కడుపులో ఒకటే తిప్పు."

మేస్త్రి కట్టిన నాలుగు ఓడలూ ఒక్కసారే మునిగాయి.

ఇస్త్రీ పెద్దాయన గ్లాసు కింద పెట్టాడు. "చెయ్యి పద్దెనిమిదా? అప్పుడు పంతొమ్మిదన్నావే."

"ఎప్పుడు?" అంది మేనకోడలు.

"దీవి నుంచి వచ్చినప్పుడు. రావడమేంటి, పడవలోంచి దుప్పట్లో మోసుకొచ్చింది నేనే. ఒళ్లు పెనంలా కాలిపోతోంది. నన్నే దోమనుకుని నా ఛాతీ కొలిచాడు. ఆ చొక్కా, ఆ తెర, ఆ ఓడలు, అన్నీ జ్వరంలో పలవరించినవే తల్లీ. నలభై రోజులు పక్కన కూర్చుని విన్నాం, మీ అమ్మా నేనూ."

మేస్త్రి మాత్రల అట్ట తీసి ఆమె అరచేతిలో పెట్టి వేళ్లు మూశాడు.

"అన్నం తిన్నాక వేసుకో. అప్పటికీ తిప్పితే డాక్టర్ని అడుగు. అంతేగానీ మానకు."

"నువ్వు నిజంగా ఒక్కటీ మింగలేదా మామయ్యా?"

"లేదమ్మా" అన్నాడు మేస్త్రి. "నేను చెప్పినదాంట్లో నిజం అదొక్కటే."