ముప్పై రెండో చావు

నేను అక్షరాలు దిద్దింది యాభై ఏళ్లు దాటిన తర్వాత. ఒత్తులు, దీర్ఘాలు తప్పిపోతుంటాయి. నాలుగు వరుసలు రాయడానికి నాకు ఒక పూట పడుతుంది. చదివేవాళ్లు మన్నించాలి. ఇద్దరు మనుషులు మాట్లాడుకున్నది మాట్లాడుకున్నట్టే రాశాను.

హసన్‌పర్తిలో షహజాదీ ఇల్లు, మధ్యాహ్నం పూట. ఆమె భర్త ఇమాం పాషా నటించిన టీవీ సీరియల్‌కు కెమెరా పట్టిన శ్యాంసుందర్, ఇరవై నాలుగేళ్ల తర్వాత ఆమె గడప తొక్కాడు.

"కాయిదం పక్కకు పెట్టు శ్యామన్నా. ముందుగాల చాయ్ తాగు."

"తాగుత చెల్లె. ఒక్క సంతకమే గదా. రాకపోతె ఏలిముద్ర అయినా నడుస్తదన్నరు."

"ఏలిముద్ర ఎందుకు? నాకిప్పుడు రాయొస్తది. చదువొస్తది గూడ. ఇగో... 'ఎర్రకొండ షెరీఫ్. రెండు వందల పన్నెండు ఎపిసోడ్లు.' ఇవన్ని ఇంటర్నెట్ల పెడ్తరా?"

"ఆ. ఫోన్ల ఎవలైన చూసుకోవచ్చు. పాషా పేరు మొదాలే వస్తది, పెద్దగ. అప్పట్ల రెండేండ్లు ఆయన పేరే వెయ్యలే."

"ఎట్లేస్తరు? వారానికొక మీసం పెట్టుకోని వచ్చుడు, గుర్రం మీదికెళ్లి పడుడు, సచ్చుడు. సచ్చేటోని పేరు ఎవలడుగుతరు?"

"గట్లనకు. ముప్పై ఒక్కసారి సచ్చిండు పాషా. ఒక్క సావు లెక్క ఇంకొకటి ఉండకపోయేది. నేను కెమెరాలకెళ్లి చూసినోణ్ని, నాకెరుక."

"అసలు మీ డైరెక్టర్ కిషన్ రావు సారు వచ్చింది ఆయన కోసం కాదు. మోతీ కోసం."

"అవునవును. వరంగల్ టేషన్ కాడ టాంగాలన్ని పోయినయ్, ఆటోలొచ్చినయ్. మీ మోతీ ఒక్కతే మిగిలింది. కౌబాయ్ సీరియల్ తీస్తాన్నం, గుర్రం కావాలె అని సారు అడిగిండు."

"ఈయనేమన్నడు? 'గుర్రమిస్త గని సారూ, దాని మీద వేరేటోడు కూసుంటె కొరుకుతది' అన్నడు."

"అన్నడు, అన్నడు! యూనిట్ మొత్తం దానికి పది గజాల దూరం నిలవడుతుంటిమి."

"ఏడ కొరుకుతది! ముసలి గుర్రం, దానికి ముందటి పళ్లే లెవ్వు."

"ఆఁ?"

"ఈయనకు టీవీల కనవడాల్నని ఉండె. గంతే."

"ఇయ్యాల చెప్తాన్నవా చెల్లె! హీరో ఆ గుర్రానికి భయపడి నాలుగేండ్లు చెక్క గుర్రం మీద డైలాగులు చెప్పిండు!"

"నవ్వు, నవ్వు. ఆ కోటు యాదికున్నదా? మే నెల ఎండల ములుగు దిక్కు మేకతోలు కోటు. ఇంటికొస్తె ఆ వాసనకు నేను బయట్నే ఇప్పించేదాన్ని. కోటుల మేక మళ్ల బతికిందా అని అడిగేదాన్ని."

"ఒకనాడు కిషన్ రావు సారు అన్నడు, 'ఈడు అందరి కంటె మంచిగ సస్తాండు, ఇగ బతికించి చూద్దాం' అని. గట్ల షెరీఫ్ అయిండు. తర్వాత రెండేండ్లు పాషా సావలే."

"ఆదివారం పొద్దుగాల మట్టెవాడ పిల్లలంత మా ఇంట్లనే. టీవీల ఈయన, మంచం మీద ఈయన. ఎవలికి సలాం కొట్టాల్నో తెల్వక ఇద్దరికీ కొడుదురు."

"మీ కాశిఫ్ గూడ, గా చిన్న తుపాకి పట్టుకోని..."

"ఆ పేరు తియ్యకు శ్యామన్నా."

"సరే. సరే చెల్లె. తియ్య."

"చాయ్ సల్లారుతాంది."

"తాగుతాన్న. ఇగో పెన్ను."

"సంతకం పెడ్త. పెట్టనని ఎవలన్నరు? ఒక్కటి చూపియ్యి, పెడ్త."

"ఏంది?"

"ఆయన నవ్వింది."

"నవ్వింది మస్తుంది చెల్లె. నూట తొంభై ఆరో ఎపిసోడ్‌ల దొంగలను చెట్టుకు కట్టేసి..."

"గది గాదు. నీకెరుకే."

"ఏది చెల్లె?"

"సచ్చే సీన్ అయినంక మీరు తీసే నవ్వు. ఆఖరి ఎపిసోడ్‌ది."

"అది టీవీల వచ్చేది కాదు గదా. అది మా ఆచారం. సచ్చినోడు లేసి, కెమెరా దిక్కు చూసి ఒక్కసారి నవ్వాలె. లేకపోతె నిజంగ కీడు జరుగుతదని. తీసి, మళ్ల కట్ చేస్తం. నీకెవలు చెప్పిండ్రు అసలు? పాషా చెప్పిండా?"

"ఆయన ఏడ చెప్తడు? షూటింగ్‌ల సచ్చుడు సంగతి ఇంట్ల ఎత్తనిచ్చేటోడే కాదు. మయ్యత్ నాడు, ఆయనను మట్టిల పెట్టంగ, మీ మేకప్ రాజక్క చెప్పింది. 'ముప్పై ఒక్కసారి నవ్విండు, ముప్పై రెండోసారి నవ్వు తియ్యలే, గందుకే పోయిండు' అని నా మెడ మీద పడి ఏడ్చింది. అప్పుడే నీ మీదికి చెప్పు ఇసిరిన."

"తగిలింది."

"తగలాల్ననే ఇసిరిన."

"నా మనిషిని మింగినవ్ అన్నవ్. వాడకట్టంత విన్నది."

"అన్న. ఇప్పటికీ అంట. ఎందుకు తియ్యలే శ్యామన్నా? గంతసేపు పడ్తదా ఒక నవ్వు తియ్యనీకి?"

"బ్యాటరీ అయిపోయింది చెల్లె."

"ఆనాడు పొద్దు గూకిందన్నవ్."

"పొద్దు గూడ గూకింది."

"నలుగురిల అడిగితె టేప్ ఖరాబైందన్నవ్."

"అదీ అయింది..."

"మూడు ఒక్కపాలే అయినయా? నన్ను జూసి చెప్పు."

"పెద్దమనిషిని, నన్ను ఇట్ల నిలదీస్తె ఎట్ల చెల్లె?"

"నిన్ను గాక ఎవల నిలదియ్యాలె? కిషన్ రావు సారు పోయిండు. మిగిలింది నువ్వే. నీకు తెల్వదు, నేను ఆ ఆఖరి ఎపిసోడ్ ఇప్పటిదాక చూడలే. చూడకున్న ఆయన వస్తడు. కలల గా ఎర్రమట్టిల పండుకోని ఉంటడు, కండ్లు తెరుచుకోని. 'లేవయ్యా, ఇంటికి పోదాం' అంట. 'ఆగు, కెమెరా ఇంక నడుస్తాంది' అంటడు. ఇరవై నాలుగేండ్లు. ఒక్కసారి లేసి నవ్వుతె నేను గూడ నిద్రపోదును."

"నాకు గూడ కనవడుతడు చెల్లె."

"నీకెందుకు కనవడుతడు?"

"కెమెరాకు కన్ను పెట్టి చూసినోణ్ని గదా. ఆనాటి సంది నేను సచ్చే సీన్ తియ్యలే. హైదరాబాద్‌ల సీరియళ్లకు పిలిచిండ్రు, పోలే. పెండ్లిళ్లు తీసుకుంట బతికిన. పెండ్లికొడుకు నవ్వకపోతె, నవ్వేదాక కెమెరా బంద్ చెయ్య."

"ఘన్‌పూర్ టేషన్ల ఏం జరిగిందో నీకెరుకనా?"

"కొంచెం ఎరుక."

"పూర్తిగ విను. ఆ షూటింగ్ అయి పద్దెనిమిది దినాలు. ఘన్‌పూర్‌ల బడి పిల్లల ఫంక్షన్. ముందే మాటిచ్చిండు, పోకపోతె బాగుండదని పోయిండు. షెరీఫ్ బట్టలల్ల రమ్మన్నరు. టోపీ, కోటు అన్ని ఏసుకున్నడు. తిరిగొచ్చేటప్పుడు బండి కోసం టేషన్ల బెంచీ మీద కూసున్నడు. కూసున్నకాడ్నే పక్కకు ఒరిగిండు."

"ఎవలు చూడలేదా?"

"అందరు చూసిండ్రు! గదే నేను చెప్పేది. షెరీఫ్ సచ్చే యాక్టింగ్ చేస్తాండని చుట్టు నిలవడ్డరు. చప్పట్లు కొట్టిండ్రు శ్యామన్నా. 'ఇప్పుడు లేస్తడు చూడు' అని పిల్లలను ముందటికి తోసిండ్రట. ఒక బండొచ్చి పోయింది. ఇంకొకటి వచ్చింది. ఎంతకూ లేస్తలేడని ఒక ముసలామె దగ్గరికి పోయి చెయ్యి పట్టుకుంటె సల్లగున్నదట. అప్పుడు దవాఖానకు పట్టుకపోయిండ్రు."

"అయ్యో పాషా..."

"ముప్పై తొమ్మిదేండ్లు. జ్వరం లేదు, నొప్పి లేదు. ఆ ఒక్క నవ్వు తీస్తె ఉంటుండెనేమో నా మనిషి. ఉండకపోతుండెనేమో, అది గాదు. నువ్వెందుకు తియ్యలేదో నాకు తెల్వాలె. గంతే. చెప్పు, కాయిదం మీద పెడ్త."

"తీసిన."

"ఏంది?"

"తీసిన చెల్లె. టేప్ ఖరాబు గాలే. బ్యాటరీ అయిపోలే. ఉన్నది."

"ఉన్నదా? ఆయన నవ్వు ఉన్నదా?"

"టేప్ ఉన్నది."

"ఇరవై నాలుగేండ్లు నీ దగ్గర పెట్టుకోని నాతోని తిట్లు తిన్నవా? పిచ్చోడివా నువ్వు?"

"పాషా వద్దన్నడు. 'శ్యామన్నా, ఇది ఇంట్ల తెల్వద్దు, నీకు దండం పెడ్త' అని నా రెండు చేతులు పట్టుకున్నడు. మాటిచ్చిన. రాజక్క వాళ్లు అప్పటికే గుట్ట దిగి వ్యాన్‌ల కూసున్నరు. గుట్ట మీద మేం ముగ్గురమే. సారు గూడ ఎవలకు చెప్పలే."

"మళ్ల ఇప్పుడెందుకు చెప్తాన్నవ్?"

"నాకు అరవై ఎనిమిదొచ్చినయ్. నేను గూడ పోతె ఆ టేప్ ఏందో ఎవలకు తెల్వదు. ఈ సంతకం పనికి వేరేటోన్ని పంపుతమన్నరు. నేనే పోత అని వచ్చిన."

"యాడుంది? చూపియ్యి."

"ఫోన్లకు ఎక్కించిన. కని చెల్లె, ఒకసారి ఆలోచించు..."

"చూపియ్యంటాన్న!"

"ఇగో. చిన్నగుంటది, దగ్గరికి పెట్టుకో."

"ఆయనే... అల్లా. ఎంత పిల్లగాని లెక్క ఉన్నడు. ఇప్పుడు మా అల్లుని ఈడు గూడ లేడు. గిట్లనా పండుకున్నడు, మట్టిల?"

"సీన్ అయిపోయింది. ఇప్పుడు 'లే పాషా' అంటడు సారు."

"ఆ, సారు గొంతే. లేసిండు. శ్యామన్నా, లేసిండు! దుమ్ము దులుపుకుంటాండు. నా దిక్కే చూస్తాండు."

"కెమెరా దిక్కు చెల్లె."

"నా దిక్కే. నవ్వడేంది?"

"అడిగినం. నాలుగుసార్లు అడిగినం."

"సారు 'నవ్వు, నవ్వు, పొద్దు పోతాంది' అంటాండు. ఈయన తలకాయ అడ్డం ఊపుతాండు. ఇదెవలు, దగ్గరికి పోయింది?"

"సారే. కితకితలు పెడ్తాండు. నవ్వు రాకపోతదా అని."

"వస్తాంది. నవ్వొస్తాంది ఆయనకు. నాకెరుక, భుజాలు గట్లనే ఊగుతయ్. అరె, మూతికి చెయ్యెందుకు అడ్డం పెట్టుకున్నడు? రెండు చేతులు! చెయ్యి తియ్యవయ్యా... చెయ్యి తియ్యి."

"తియ్యలే. ఆఖరిదాక తియ్యలే."

"ఏమో అంటాండు. గాలి సప్పుడుకు వినొస్తలేదు."

"వదిలెయ్యి చెల్లె. చూసినవ్ గదా."

"మళ్ల పెట్టు. గా మాట కాడికి పెట్టు."

"ఇగో."

"'నేను నవ్వితె... ఇంట్ల'... ఇంట్ల ఏంది? నువ్వు చెప్పు. అక్కడ నిలవడ్డది నువ్వే గదా!"

"'నేను నవ్వితె ఇంట్ల ఇంకొక మనిషి పోతది సారూ. కీడు నాకే రానీయుండ్రి.' గంతే అన్నడు. సారు ఇగ అడగలే. నేను కెమెరా బంద్ చేసిన. ఆ మాట నన్ను తిననీయలే చెల్లె, పండనీయలే. నీ ముందట పేరు తియ్యద్దన్నవ్ గని, మీ పిల్లగాడు పోయి అప్పటికి పన్నెండు దినాలే. ఇంకొక మనిషి అంటె ఎవలు? మీ బిడ్డ మెహనాజ్‌కు గూడ జ్వరం ఉండెనా? ఎవలన్న మంత్రగాడు ఏమన్న చెప్పిండా? నవ్వుతె ఇంట్ల మనిషెట్ల పోతరు? చెల్లె? ఏమైంది చెల్లె? ఫోన్ ఇటియ్యి, పడిపోతది. నీళ్లు తెస్త ఉండు..."

"కూసో."

"మెహనాజ్‌ను పిలువాల్నా?"

"పిలువకు. దానికి తెల్వద్దు."

"నీకెరుకనా ఆ మనిషెవలో?"

"కాశిఫ్‌ను మట్టిల పెట్టి ఇంటికొచ్చిండు. పిల్లగాడు దవాఖానల మూడు దినాలు జ్వరంల కాలుతుంటె ఈయన అడవిల తుపాకులు పేల్చిండు, ఆఖరి గడియకు గూడ అందలే. నాకు కండ్లు కనవడలే శ్యామన్నా. ఆయన చెయ్యి గుంజి నా నెత్తి మీద పెట్టుకున్న. నలభై దినాల ఫాతిహా అయ్యేదాక ఒక్కపాలి నవ్వినా, నీ పళ్లు బయట కనవడ్డా, నా పీనుగను చూస్తవ్ అన్న. ఆయనతోని ఒట్టు ఏయించుకున్నది నేనే."

షహజాదీ,
వయసు యాభై ఎనిమిది,
ఇప్పుడు హసన్‌పర్తిలో కూతురు మెహనాజ్ దగ్గర ఉంటున్నాను.