ప్లాన్ల లేని రూము

ఏందయ్యా, గింత ఆలిశమా? ముందుగాల గా పాతింటికి వోయినవా ఏంది? వోయే ఉంటవ్. పెత్తరమాస నాడు సచ్చినోళ్లు ఇంటికొస్తరంటరు గని, ఇల్లు అమ్ముకున్నంక యాడికి రావాల్నో నీకెవలు సెప్తరు?

ఇటు రా. మేడ్చల్ల ఉంటున్న ఇప్పుడు. బస్సు డిపో దాటినంక, మిఠాయి దుకానం పక్కపొంటి షట్టరు. ముంగట దుకానం, ఎనుక ఒక్క అర్ర. గిదే మన ఇల్లు. మన ఇల్లేంది, నా ఇల్లు. కూసో.

మటన్ వండిన. గారెలు జేసిన. గా సీసా అల్లుడు తెచ్చిండు, సాయికిరణ్, సంచిల దాసిపెట్టుకోని, సిగ్గుపడుకుంట. తిను. తినుకుంటనే ఇను. బతికున్నప్పుడు నేను ఒక ముచ్చట మొదలువెడితే సాలు, నువ్వు సెప్పులేస్కోని బయటికి వోతుంటివి. ఇయ్యాల యాడికి వోతవ్? ఫోటోకు మేకు కొట్టిచ్చిన.

అసలు నీకు పర్వతాలు అని పేరువెట్టిన మీ అవ్వననాలె. పేరుకు తగ్గట్టు మీదికి మీదికి కట్టుకుంటనే వోయినవ్ గదా! ప్లాన్ల ఏమున్నది? కింద ఒకటి, దాని మీద ఒకటి. గంతే. దానికే పర్మిషన్. నువ్వేం జేసినవ్? ముంగట గాలికి ఇడిసిన జాగల రేకులేసి, నా కుట్టుమిషిన్‌కు అన్నవ్. ఎనుక ఇడిసిన జాగల వంటిల్లన్నవ్. మెట్లు బయటికి గుంజి మోరి మీద నిలవెడ్తివి. వాన కొడితే మోరి నీళ్లు మన మెట్లెక్కి మీదికొస్తుండె, పిలిసిన సుట్టాల లెక్క.

ఎవలన్న అడిగితే ఏమంటివి? "మన అన్న ఉన్నడు ఆఫీసుల, అంత ఆయన సూసుకుంటడు." ఏ అన్ననయ్యా? నువ్వు పోయినంక మస్తు దేవులాడిన. నీ దినాలకు గూడ రాలే గదా గా మనిషి! ఫ్లెక్సీల తప్ప ఆయన మొఖం నేనెన్నడు సూడలే.

ఇగ మీది రూము సంగతి. డాక్టరు మెట్లెక్కద్దన్నంక మెట్ల మీద రూము కట్టుకున్న మొగోన్ని లోకంల నిన్నొక్కన్నే సూసిన. సెరువు గాలి కావాల్నట నీకు. శామీర్‌పేట సెరువు కనబడాల్నట. కిటికీ కాడ మంచమేస్కోని నువ్వు పన్నవ్. ఛాయ్ కావాలె, టక్. గోలీలు కావాలె, టక్. కట్టెతోని స్లాబు మీద కొట్టుడు, కిందికెల్లి నేను "వస్తున్న, ఆగు" అని ఒర్రుకుంట ఎక్కుడు. నీ గుండె మంచిగనే ఉండె అన్నిరోజులు. పోయినయి నా మోకాళ్లు.

నువ్వు పోయినంక ఆమని అన్నది, "అమ్మా, కౌకూర్ వచ్చెయ్యి, మా ఇంట్ల ఉందువు" అని. నేను పోనన్న. బిడ్డ ఇంట్ల కూసోని టీవీ సూసేటంత ముసలిదాన్ని కాలే. రేకుల కింద కూసోని ఊరందరి జాకెట్లు కుట్టిన, ఒక్క బోర్డన్న లేకపాయె నా పేరు మీద. ఇల్లమ్ముత, మేడ్చల్ల రోడ్డు మీద దుకానం కొంట, మగ్గం పని నేర్సినోళ్లను ఇద్దర్ని వెట్టుకుంట అన్న. ఆమని నవ్వింది. నవ్వనియ్యి. నీ బిడ్డే గదా.

సత్తార్ భాయికి సెప్పిన. గదే, ప్లాట్లు అమ్మిపెడ్తడు, నీతోని పత్తాలాడేటోడు. "భాభీ, ఫికర్ నక్కో. వారంల పార్టీని తెస్త" అన్నడు. తెచ్చిండు బరాబరే. వెంకటరామయ్య సారట. ఏదో ఆఫీసుల పెద్ద నౌకరి. ఎంత మర్యాద మనిషి అనుకున్నవ్! సెప్పులు గేటు బయట ఇడిసిండు. నీళ్లిస్తే రెండు సేతులతోని తీసుకున్నడు. నన్ను "అమ్మా, అండీ" అన్నడు. నువ్వు ఇన్నేండ్లల నన్ను ఒక్కపారన్న పేరువెట్టి పిలిసినవా? "ఓయ్" తోనే ఎల్లిపాయె.

ఇల్లంత తిరిగిండు. రేకుల అర్ర సూసిండు, ఏమనలే. మోరి మీది మెట్లు సూసిండు, ఏమనలే. మీది రూముల అడుగువెట్టి కిటికీ తీసి, ఇగ దిగనే దిగడు! "ఇక్కడ కూర్చుని పుస్తకాలు చదువుకుంటానండీ" అన్నడు. గా రూముతోనే బేరం తెగింది. అగ్రిమెంటయింది. అడ్వాన్స్ ఇచ్చిండు. నేను గవ్వే పైసలు తీస్కవోయి గీ దుకానం అమ్మే దుర్గాబాయి సేతుల వెట్టిన. ఆమె తాళపుసెవి సూపిచ్చింది. సంబురం పట్టక నాకు నిద్రే రాలే.

తర్వాత వచ్చిండు బ్యాంకు ఇంజినీరు, టేపు పట్టుకోని.

గోడలు కొలిసిండు. ప్లాను సూసిండు. ఇల్లు సూసిండు. మల్ల ప్లాను సూసిండు. "ఇదే ఇల్లా అమ్మా?" అన్నడు. అవ్ సారు అన్న. "ప్లాన్ల మీది రూము లేదు గదా" అన్నడు. ఇంట్ల ఉన్నది గదా సారు అన్న. తప్పా నేనన్నది? గని ఆయనకు ఇల్లు కాదట, కాయిదమే ఇల్లట. లోన్ రాదన్నడు, ఎల్లిపోయిండు.

సత్తార్ భాయి దిమాక్ సూడు. "భాభీ, రూముకు నీళ్ల ట్యాంకు అని పేరు రాద్దాం" అన్నడు. నీళ్ల ట్యాంకుకు కిటికీ ఎందుకు భాయి అంటే, "సేపలు సూస్తయి" అన్నడు. అల్లుడింక తెలివిగల్లోడు. ఫోటో తీసేటప్పుడు గా దిక్కు పందిరేసి దుప్పట్లు ఆరేద్దామన్నడు. నేను నవ్వాల్నా ఏడ్వాల్నా?

వెంకటరామయ్య సారు మాత్రం సల్లగ కూసున్నడు. "అమ్మా, నాకు దొంగ పనులు నచ్చవు. రూల్స్ ప్రకారం పోదాం" అన్నడు. రూల్స్ ప్రకారమంటే ఏంది సారు అన్న. "ఆ రేకులు, వెనక వంటిల్లు తీసేయించండి. ఆ గది కూలగొట్టించండి. బ్యాంకు వాళ్లు మళ్లీ వచ్చి చూసి లోన్ ఇస్తారు. లేకపోతే నా అడ్వాన్స్ నాకు ఇచ్చేయండి" అన్నడు, గంతే మర్యాదగ.

అడ్వాన్స్ యాడున్నదయ్యా? దుర్గాబాయి కాడున్నది. ఆమె అప్పటికే గా పైసలతోని కొడుకు పెండ్లికి బంగారం గొన్నది. ఇల్లు అమ్మకపోతే దుకానం పాయె, ఇచ్చింది గుడ పాయె. ఏం జెయ్యాలె?

ఇగ మనుషుల్ని పిలిసిన.

రేకులు పొద్దుపొద్దుగాలనే తీసిన్రు. ఎనుక వంటిల్లు మిట్టపగటికల్లా కింద వడ్డది. నాకేం కాలే. మంచిగైందనుకున్న, గాలొస్తాంది అనుకున్న. తర్వాత సమ్మెటలు పట్టుకోని మీదికెక్కిన్రు. నేను కింద కూసోని బియ్యమేరుతున్న. మీద టక్ మన్నది.

"వస్తున్న, ఆగు" అన్న.

నవ్వకు. అలవాటు. లేసి నిలవడ్డ గూడ, సేతుల సాట వట్టుకోని. మల్ల ఇంకోటి టక్ మన్నది, అప్పుడు యాదికొచ్చింది, నువ్వు లేవని.

మెట్లెక్కిన. నువ్వు పోయినంక ఎక్కుడు తక్కువైంది గదా, దమ్మొచ్చింది. మంచం ఉండే గోడకు నీ తలకాయ నూనె మరక ఉన్నది. ఎన్ని తీర్ల తోమిన పోని మరక. పనోడు అడిగిండు, "యాడికెల్లి కొట్టమంటవమ్మా?" అని. ఫస్టు గాడ్నే కొట్టు అన్న. కొట్టిండు. కిందికి దిగివచ్చి తలుపేస్కోని మస్తు ఏడ్సిన. ఇంటున్నవా? నీ దినాల నాడు గుడ అంత ఏడ్వలే. సుట్టాలున్నరని సగం దాసుకున్న అప్పుడు. మిగిలింది గిప్పుడు ఎల్లింది.

సరే, కూలింది. బ్యాంకాయన వచ్చిండు, సూసిండు, మోరి మీది మెట్లను సూడనట్టే ఇడిసిపెట్టి, ఇప్పుడు ప్లాన్ల ఉన్నట్టే ఉన్నదన్నడు. ఇగ రిజిస్ట్రేషనే తరువాయి అనుకున్న. ముందు రోజు వెంకటరామయ్య సారు ఫోను జేసిండు. "అమ్మా, రేటు కొంచెం తగ్గించుకోవాలి" అన్నడు. ఎందుకు సారు అన్న.

"మేము చూసినప్పుడు పైన గది ఉండేది కదండీ. ఇప్పుడు లేదు కదా!"

కూలగొట్టమన్నది ఆయనే, లేదు గదా అన్నది ఆయనే! నీ అసొంటోడైతే మస్తు తిడుతుంటి. గంత మర్యాదగ మాట్లాడేటోన్ని ఎట్ల తిట్టాలె? తగ్గిచ్చిన. సంతకం వెట్టిన. తాళపుసెవులు ఆయన సేతుల వెట్టిన.

దుకానం మాత్రం మంచిగ నడుస్తాంది. బోర్డు సూసినవా? 'యాదమ్మ లేడీస్ టైలర్స్'. యాదవ్వ అని రాయమన్న, ఆమని ఇనలే. మగ్గం కాడ ఇద్దరు ఆడపిల్లలు కూసుంటరు.

మొన్న ఎండకాలంల శామీర్‌పేటల పాత గిరాకీ ఒకామెకు పెండ్లి జాకెట్లియ్యాల్సి ఉండె. ఆటోల వోయిన. మన గల్లీ మలుపు తిరిగినంక మీదికి సూసిన. సూడకుంట ఉందామనుకున్న గని మెడ ఆగుతదా?

రూము ఉన్నది.

అవ్, నువ్వు కట్టిన కాడ్నే! నీ దానికంటె రెండింతలు. రెండు కిటికీలు, ఏసీ డబ్బ. దాని నెత్తి మీద మల్ల సలాకలు మొలిసినయి, ఇంకో అంతస్తుకు. ఆటో ఆపిచ్చిన. సారు గేటు కాడ్నే నీళ్లు కొడుతుండు, ఇసుక మీద. "బాగున్నారా అమ్మా?" అన్నడు. ఏంది సారు గిది అన్న. "వాస్తు అమ్మా. నైరుతిలో బరువు ఉండాలట. ఆ గది తీసేసిన దగ్గర్నుంచి ఇంట్లో మనశ్శాంతి లేదు" అన్నడు. మరి బ్యాంకు? "బ్యాంకు వాళ్లు చూసి వెళ్లిపోయారు కదమ్మా, మళ్లీ ఎందుకొస్తారు?"

మల్ల ఆటో ఎక్కిన. జాకెట్లిచ్చి వచ్చిన.

తర్వాత ఎవలో పర్మిషన్లిచ్చే ఆఫీసుల కంప్లెయింట్ వెట్టిన్రు. నేను కాదయ్యా! నీ మీద ఒట్టు. పక్కింటోళ్లకు ఎండ తగులుతలేదట, వాళ్లు వెట్టిన్రు. అప్పుడు గీ దుకానానికి వచ్చిండు సారు, భార్యను ఎంటవెట్టుకోని. ఆమె సేతుల జాకెట్ గుడ్డ, ఆయన సేతుల మిఠాయి డబ్బ. పక్క దుకానంలనే కొన్నడు, నేను సూసిన.

"అమ్మా, ఒక్క మాట సాయం. ఆఫీసు వాళ్లు వస్తారు. ఆ గది ముందు నుంచీ ఉందని చెప్పండి చాలు. పాతదని తేలితే జరిమానా ఏదో కట్టుకుంటాం. మీరు కట్టిందే కదండీ అసలు!"

సూసినవా? అమ్మేటప్పుడు రూము లేదు, రేటు తగ్గియ్యమన్నడు. ఇప్పుడు రూము ఎప్పటికెల్లో ఉన్నదట! రమ్మన్న దినం వోయిన. పట్టుచీర కట్టుకోని మరీ వోయిన. ఆఫీసాయన అడిగిండు, "ఈ రూము పాతదేనా అమ్మా?" అని. వెంకటరామయ్య సారు నన్ను సూసి తలకాయ ఊపుతుండు, 'సెప్పు, సెప్పు' అన్నట్టు.

"పాతది మా ఆయన కట్టిండు సారు, పర్మిషన్ లేకుంట. దాన్ని గీ సారు కూలగొట్టియ్యమన్నడు, కూలగొట్టిచ్చిన. గిది కొత్తది. పాతదానికి ఒక్కటే కిటికీ" అన్న.

సారు మొఖం మాడిన అప్పం లెక్కయింది. నాకు మస్తు హాయిగయింది, అబద్ధమెందుకు? ఇగ సూడాలె, ఇయ్యాల నా కండ్ల ముంగట పడ్తదని గాడ్నే నిలవడ్డ. ఆఫీసోళ్ల మనుషులు మిషిన్ వట్టుకోని మీదికెక్కిన్రు. గడగడ సప్పుడు. దుమ్ము. గల్లీల అందరు బయటికొచ్చిన్రు. నేను కొంగు ముక్కుకు అడ్డం వెట్టుకోని ఎదురుసూస్తున్న.

స్లాబుకు రెండు బొక్కలు కొట్టిన్రు. బొక్కల పక్కపొంటి నిలవడి ఫోటో దిగిన్రు. దిగివచ్చిన్రు. ఛాయ్ తాగిన్రు. పోయిన్రు.

గంతే! గంతేనయ్యా! వారానికి బొక్కలు పూడ్సిన్రు, దాని మీద టైల్స్ ఏసిన్రు. మొన్న ఆయన భార్య వచ్చింది, జాకెట్ తీస్కవోనీకి. మీది అంతస్తుల సత్యనారాయణ వ్రతమట, రమ్మన్నది. మొఖంల ఏం కోపం లేదు. నేను గుడ సక్కగనే కుట్టిన, సేతులు బరాబర్ కూసున్నయి. మెచ్చుకోని వోయింది.

ఏంజేస్తం? మేడ్చల్ నించి శామీర్‌పేట దాంక ఒక్కపారి తిరిగి సూసిరా, నీకేం కిరాయి లేదు గదా. మోరి మీద మెట్లు, రోడ్డు మీద బాల్కనీలు, ట్యాంకు అని పేరువెట్టిన బెడ్రూములు. ఎన్నున్నయో! గిన్నిట్ల ఇటుక మిగలకుంట కూలిందంటే ఒక్క నీ రూమే కూలింది. నువ్వు కట్టినవ్, నేను కూలగొట్టిన. మిగిలినోళ్లంత ఫోటోలు దిగిన్రు.